పాత భూకంపాల వెతుకులాటకు చెన్నైలో ఏది మేలు: ఎగ్మోర్ ఆర్కైవ్స్, కన్నెమరా లైబ్రరీల సమీక్ష

పాత మద్రాసు రాష్ట్రంలో వచ్చిన భూకంపాల మీద పని మొదలుపెట్టినవాళ్లు చెన్నైలో దిగగానే నేరుగా ఎగ్మోర్ స్టేషన్ దగ్గరున్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్తారు. మా సలహా వేరు. ముందు పాంథియన్ రోడ్డులో మ్యూజియం ఆవరణలో ఉన్న కన్నెమరా లైబ్రరీకి వెళ్లండి, ఆర్కైవ్స్ తర్వాత. దక్షిణాదిన వచ్చిన భూకంపాల్లో ఇళ్లు కూల్చినవి తక్కువ. తలుపులు ఊపి, నిద్రపోయేవాళ్లను లేపి వెళ్లిపోయినవే ఎక్కువ. అలాంటివి పత్రికలకు ఎక్కుతాయి కానీ సర్కారు కాగితాలకు ఎక్కవు. గోడ పగిలి రిపేరుకు డబ్బు అడగాల్సి వస్తే తప్ప ఇంజనీరు కలం కదలదు. అంటే ఇంటెన్సిటీ (ఒక ఊళ్లో కదలిక ఎంత గట్టిగా తెలిసిందో చెప్పే అంకె) 3 నుంచి 5 దాకా పత్రికల పని, 6, ఆపైన ఆర్కైవ్స్ పని. రెండు చోట్ల మధ్య నడిచి వెళ్లేంత దూరమే కాబట్టి ఒకే ప్రయాణంలో రెండూ చూసుకోవచ్చు. వరుస మాత్రం తారుమారు చేయకండి.

చెన్నైలో తెలుగువాళ్లకు ఈ పనిలో ఒక అనుకూలం ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు, కడప, కర్నూలు, గుంటూరు, గోదావరి, విశాఖ, బళ్ళారి కలెక్టర్లు ఉత్తరాలు రాసింది సెయింట్ జార్జి కోటకే. జిల్లా రికార్డులు కొన్ని తర్వాత హైదరాబాదుకు తరలిపోయినా, ఆ ఉత్తరాల మీద గవర్నరు కౌన్సిల్ నడిపిన ప్రొసీడింగ్స్ ఎగ్మోర్‌లోనే ఉన్నాయి. కోట కాగితాలు 1670ల నుంచి ఉన్నాయి. ఎర్ర ఇటుకల ఆర్కైవ్స్ భవనం 1909 నాటిది. కన్నెమరా 1896లో తెరిచారు. 1954 చట్టం కింద దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి.

ఉత్త చేతులతో మాత్రం వెళ్లవద్దు. ఏ తేదీ కోసం వెతుకుతున్నారో తెలియకుండా వందేళ్ల సంపుటాలు తిప్పితే కళ్లనొప్పి తప్ప ఏమీ మిగలదు. తేదీల జాబితాకు రెండు ఆధారాలు చాలు. మొదటిది థామస్ ఓల్డ్‌హామ్ తయారుచేసిన భారత భూకంపాల కేటలాగు. 1869 చివరిదాకా వచ్చినవి ఇందులో ఉన్నాయి. ఆయన పోయాక కొడుకు ఆర్. డి. ఓల్డ్‌హామ్ దాన్ని 1883లో జియాలజికల్ సర్వే మెమాయర్స్‌లో అచ్చువేయించాడు. రెండోది స్టేసీ మార్టిన్, వాల్టర్ సెలిగా 2010లో ప్రచురించిన కేటలాగు. 1636 నుంచి 2009 దాకా 570 భూకంపాలకు ఊరూరి ఇంటెన్సిటీలు ఇందులో ఈఎంఎస్-98 అనే యూరోపియన్ ఇంటెన్సిటీ స్కేలు మీద ఉన్నాయి. ఈ రెండింట్లోంచి మీకు కావలసిన జిల్లాల తేదీలు తీసి ఒక కాగితం మీద రాసుకోండి. మద్రాసు చుట్టుపక్కలకైతే 1807 డిసెంబరు, 1816 సెప్టెంబరు, 1823 మార్చి, విల్లుపురం వైపు వచ్చిన 1867 జులై 3, బళ్ళారికి 1843 మార్చి-ఏప్రిల్, కోయంబత్తూరుకు 1900 ఫిబ్రవరి 8, కోస్తా మొత్తానికి 1881 డిసెంబరు 31 నాటి కార్ నికోబార్ భూకంపం. కొత్తవాళ్లు వీటిలో ఒక్కదానితో మొదలుపెడితే చాలు.

ఇక తేదీల సంగతి. ఎక్కువ పని పాడయ్యేది ఇక్కడే. ఇంగ్లీషువాళ్లు 1752 దాకా పాత జూలియన్ కేలండరే వాడారు. పైగా వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కోట కాగితంలో 1680 ఫిబ్రవరి 5 అని ఒక్క సంవత్సరమే వేసి ఉంటే అది మన లెక్కలో 1681 ఫిబ్రవరి 15. అదే కాలంలో పులికాట్‌లో ఉన్న డచ్చివాళ్లు కొత్త కేలండరు వాడేవాళ్లు. కాబట్టి ఒకే భూకంపం ఇద్దరి కాగితాల్లో 10 రోజుల తేడాతో కనిపిస్తుంది. 1700 తర్వాత తేడా 11 రోజులు. ఇది చూసుకోకపోతే ఒక భూకంపం రెండుగా కేటలాగుకెక్కుతుంది. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1855 నుంచి ఫసలీ జులై 1న మొదలవుతుంది కనుక విల్లుపురం భూకంపం ఫసలీ 1277 మూడో రోజున పడింది. తెలుగు కాగితమైతే ప్రభవ నామ సంవత్సరం, ఆషాఢం అని ఉండాలి. వారం పేరు కనిపిస్తే వదలకండి. 1867 జులై 3 బుధవారం. కాగితంలో ఇంకో వారం ఉంటే తేదీ తప్పయినా అయి ఉండాలి, అది వేరే కదలికైనా అయి ఉండాలి.

రాత్రి భూకంపాలకు ఇంకో చిక్కు. మనవాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. 1900 నాటి కోయంబత్తూరు భూకంపం 8వ తేదీ గురువారం తెల్లవారుజామున వచ్చింది. పంచాంగం ప్రకారం రాసేవాడికి అది ఇంకా బుధవారం రాత్రే. రెండు కాగితాల్లో ఒక రోజు తేడా ఉందని ఏదో ఒకదాన్ని పారేయకండి, రెండూ నిజమే కావచ్చు.

గంటల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. భారత ప్రామాణిక కాలం వచ్చింది 1906లో. అంతకుముందు రైళ్లకూ తంతికీ మద్రాసు సమయం, ఊళ్లలో ఎవరి సూర్యుడు వాళ్లది. మద్రాసు సమయం నేటి ప్రామాణిక కాలం కంటే దాదాపు 9 నిమిషాలు వెనక. బళ్ళారి స్థానిక సమయం మద్రాసు కంటే ఇంకో 13 నిమిషాలు వెనక. భూకంపపు ఎస్ తరంగాలు మద్రాసు నుంచి బళ్ళారికి 2 నిమిషాల్లో చేరతాయి. అంటే గడియారాల తేడాయే తరంగ ప్రయాణం కంటే ఎన్నో రెట్లు పెద్దది. ముందు ఏ ఊళ్లో కదిలిందో గంటల బట్టి కనిపెట్టి భూకంప కేంద్రం గుర్తించాలనుకునేవాళ్లు ఆ ప్రయత్నం మానుకోవాలి. పాత గంటల వల్ల ఒకటే ఉపయోగం, రెండు వార్తలు ఒకే భూకంపానివా కావా అని తేల్చుకోవడం.

కన్నెమరాలో ఏం చూడాలో చెప్పుకుందాం. మద్రాసు మెయిల్ 1868 డిసెంబరులో మొదలైంది. హిందూ 1878లో వారపత్రికగా మొదలై 1889లో దినపత్రిక అయింది. కాబట్టి 1881 భూకంపానికి మద్రాసు మెయిల్, 1900 భూకంపానికి రెండూ. 1867కి ఈ రెండూ లేవు, మద్రాసు టైమ్స్ లాంటివే గతి. తెలుగులో ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది, ఆంధ్రప్రభ 1938లో. 1941 జూన్ 26 నాటి అండమాన్ భూకంపానికీ, 1967 మార్చి 27 నాటి ఒంగోలు భూకంపానికీ, 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపానికీ కోస్తా ఊళ్ల చిన్న వార్తలు తెలుగు పత్రికల్లోనే వెతకాలి. ఇంగ్లీషు పత్రికలు జిల్లా కేంద్రం దాటి పోవడం అరుదు. ఏ నెల సంపుటం ఉంది, ఏది లేదు అన్నది ముందే లైబ్రరీ కేటలాగులో చూసి నంబర్లు రాసుకుని వెళ్లండి. కాగితం పెళుసుగా ఉన్న సంపుటాలు అడిగిన రోజే ఇవ్వకపోవచ్చు, ఏ పాత పత్రికల భాండాగారంలోనైనా అంతే. భూకంపం జరిగిన రోజు నుంచి కనీసం 2 వారాల సంచికలు చూడాలి. లోపలి ఊళ్ల నుంచి విలేఖరి ఉత్తరం టపాలో రావడానికి అన్ని రోజులు పట్టేది. తొలిరోజు తంతి వార్త ఎంత గట్టిగా అరిచినా, వారం తర్వాత ‘మా ఊరి సంగతులు’ తరహాలో వచ్చే నాలుగు వాక్యాల ఉత్తరమే ఇంటెన్సిటీకి పనికొస్తుంది.

పత్రికలతో ఒక మోసం ఉంది. ఒకరి వార్తను ఇంకొకరు ఊరు పేరు మార్చకుండా, మార్చి, కుదించి తిరగవేసేవాళ్లు. ఒకే ఉత్తరం మూడు పత్రికల్లో కనిపిస్తే మూడు సాక్ష్యాలు కాదు, ఒక్కటే. వాక్యాలు పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. ఊరి పేర్లతోనూ జాగ్రత్త. ఎల్లూర్ అంటే ఏలూరు, చికాకోల్ అంటే శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ. ఎల్లూర్, నెల్లూర్ అనేవి అచ్చులో ఒక్క అక్షరం తేడా, నేల మీద 200 కిలోమీటర్లకు పైగా. అక్షాంశ రేఖాంశాలు వేసేముందు ఆ వార్తలో ఉన్న పక్క ఊళ్ల పేర్లు కూడా చదవండి.

తర్వాత ఆర్కైవ్స్. చదువుకునే గదిలో కూర్చోవడానికి ముందస్తు అనుమతి కావాలి. సంస్థ నుంచి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి, మీరు వెళ్లేనాటి నిబంధనలు ముందే ఫోన్‌లో కనుక్కోండి. ఫొటోలకు, నకళ్లకు వేరే అనుమతి ఉంటుంది, దాన్ని మొదటిరోజే అడిగేయండి. పెన్ను సంచిలో పెట్టి పెన్సిల్ తీయండి. సంవత్సరం వారీ సూచికల్లో ఎర్త్‌క్వేక్ అనే మాట కింద ఏమీ లేకపోతే అంతటితో వదిలేసేవాళ్లే ఎక్కువ. అసలు వెతకాల్సింది బిల్డింగ్స్, చర్చెస్, జైల్స్, లైట్‌హౌసెస్, బ్యారక్స్, ట్యాంక్స్, రిపేర్స్ అనే పద్దుల కింద. శాఖల్లో పబ్లిక్, జుడీషియల్, మిలిటరీ, రెవెన్యూ చూడాలి. 1850ల చివరి నుంచైతే అన్నిటికంటే ముందు పబ్లిక్ వర్క్స్. రిపేరు కాగితం భూకంపం వెనకే రాదు. అంచనా వేసి, పైకి పంపి, మంజూరయ్యేసరికి నెలలు పడుతుంది. అందుకని ఆ ఏడాది సూచికతో పాటు మరుసటి ఏడాదిది కూడా తిప్పాలి. తర్వాతి కాలపు ఫైళ్లలో డి.డిస్., ఎల్.డిస్. గుర్తులున్నవి గడువు తీరాక నాశనం చేసే తరగతివి. సూచికలో పేరుండి ఫైలు లేకపోతే సాధారణంగా కారణం అదే, సిబ్బందిని విసుక్కోవద్దు.

ఎగ్మోర్‌లో మాకు అన్నిటికంటే విలువైనవి పబ్లిక్ వర్క్స్ అంచనా పట్టికలే. చదవడానికి చప్పగా ఉంటాయి, కానీ వాటిలో కొలతలు ఉంటాయి. గచ్చు పూత ఇన్ని చదరపు అడుగులు అని మాత్రమే ఉంటే అది ఈఎంఎస్‌లో 1 లేదా 2వ స్థాయి నష్టం. ఇటుక కట్టుబడి ఇన్ని ఘనపుటడుగులు విప్పి మళ్లీ కట్టాలి అని ఉంటే 3, 4 స్థాయిల గురించి ఆలోచించాలి. ఒక జాగ్రత్త తప్పనిసరి. భూకంపం పేరుతో వానకు నానిన గోడ, చెదలు తిన్న దూలం కూడా అదే బిల్లులో ఎక్కించడం ఇంజనీర్లకు అలవాటు. అదే భవనానికి అంతకుముందు 2, 3 ఏళ్లలో వచ్చిన రిపేరు కాగితాలు తీసి చూడండి. బీట పాతదైతే అక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు మాటల్ని అంకెలుగా మార్చే పని. ఈఎంఎస్-98లో 12 మెట్లు ఉన్నాయి. భవనాల బలాన్ని ఏ నుంచి ఎఫ్ దాకా 6 తరగతులుగా, నష్టాన్ని 1 నుంచి 5 దాకా స్థాయిలుగా విడదీస్తుంది. ఎంతమంది, ఎన్ని ఇళ్లు అన్నదానికి మూడే మాటలు: కొద్ది అంటే 10-20 శాతం లోపు, చాలా అంటే అక్కడి నుంచి 50-60 దాకా, అత్యధికం అంటే ఆపైన. మన ప్రాంతపు మట్టి గోడల ఇల్లు ఏ తరగతి. మామూలు ఇటుక గోడ, పైన టేకు దూలాల మీద నిలువు ఇటుకలు పేర్చిన మద్రాసు మిద్దె బి తరగతి. తాటాకు గుడిసె తేలిక, కర్ర నిట్రాళ్ల మీద నిలబడి ఊగి ఊరుకుంటుంది. కాబట్టి ‘ఊళ్లో ఒక్క ఇల్లూ పడలేదు’ అన్న వాక్యం గుడిసెల ఊరికి ఏమీ చెప్పదు, మిద్దెల ఊరికి చాలా చెబుతుంది. ఆ కాలంలో ఆ ఊళ్లో ఏ రకం ఇళ్లు ఎక్కువో జిల్లా మాన్యువల్స్‌లో, జనాభా లెక్కల్లో చూడాలి. ఇవి కన్నెమరాలో చదువుకోవచ్చు.

ఇలాంటి వాక్యం తీసుకోండి: ‘తలుపులు, కిటికీలు గడగడలాడాయి, పడుకున్నవాళ్లలో కొద్దిమంది లేచారు.’ ఇది 4. ‘చాలామంది ఉలిక్కిపడి లేచారు, వేలాడే దీపాలు బాగా ఊగాయి, తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి’ అంటే 5. ‘జనం భయపడి వీధిలోకి పరుగెత్తారు, చాలా ఇళ్ల గోడల్లో సన్న బీటలు వచ్చాయి’ అంటే 6. మట్టి ఇళ్లలో చాలావాటికి గోడలు పెద్దగా పగిలి, కొద్దివాటిలో గోడలు కూలితే 7. ‘భూకంపం వచ్చింది’ అన్న ముక్క తప్ప ఇంకేమీ లేకపోతే అంకె వేయకూడదు, ‘తెలిసింది’ అని మాత్రమే రాసుకోవాలి. దీనికి 3 అనో 4 అనో వేసేసే అలవాటు కేటలాగుల్ని చెడగొట్టింది. 5కీ 6కీ మధ్య తేలకపోతే 5-6 అని రాయండి, ఐదున్నర అని కాదు. ఇది రెండింటిలో ఏదో ఒకటి అని అర్థం, మధ్యలో ఇంకో మెట్టు ఉందని కాదు.

చర్చి గోపురం, కోట బురుజు, గుడి గాలిగోపురం లాంటి ఒక్క కట్టడాన్ని చూసి ఊరంతటికీ ఇంటెన్సిటీ వేయకండి. పాత ఇంగ్లీషు కాగితాల్లో చర్చిలు, దొరల బంగళాలు తప్ప ఇంకేమీ కనిపించవు. రాసేవాళ్లు అక్కడే ఉండేవాళ్లు. నేల సంగతీ మరవకండి. సెయింట్ థామస్ మౌంట్ చార్నకైట్ రాతి మీద ఉంది, జార్జిటౌన్ ఇసుక, ఒండ్రు మీద ఉంది. దండు మకాం వల్ల మౌంట్ నుంచి కూడా ఉత్తరాలు వచ్చేవి. ఒకే భూకంపానికి ఈ రెండు చోట్లా ఒక మెట్టు తేడా వస్తే ఆశ్చర్యపోవద్దు, సగటు కట్టవద్దు, రెండు వరుసలుగా రాయండి.

కదలిక తీరు కూడా రాసుకోవాలి. పెద్ద శబ్దం, గట్టి కుదుపు, కొన్ని సెకన్లలో అయిపోవడం దగ్గరి చిన్న భూకంపం లక్షణాలు. తల తిరిగినట్టుండటం, కోనేటి నీళ్లు ఒడ్డుకు పొర్లడం, దీపాలు నెమ్మదిగా చాలాసేపు ఊగడం దూరపు పెద్ద భూకంపం లక్షణాలు. 1881 నాటిది రెండో రకం. బంగాళాఖాతం చుట్టూ ఉన్న టైడ్ గేజ్‌ల (సముద్ర మట్టం నమోదు చేసే పరికరాల) మీద దాని సునామీ గీత పడటం వల్లే దాని పరిమాణాన్ని, అంటే మాగ్నిట్యూడ్‌ను, అంత గట్టిగా చెప్పగలుగుతున్నారు. ఇలాంటి భూకంపాన్ని మద్రాసు నగరపు ఇంటెన్సిటీల నుంచే కొలిస్తే ఊరి పక్కనే వచ్చిన 5 మాగ్నిట్యూడ్ భూకంపంగా తేలుతుంది.

అసలు అది భూకంపమేనా అని కూడా అడగాలి. 1737 అక్టోబరులో కలకత్తాలో 3 లక్షల మందిని చంపిన భూకంపం అని చాలాకాలం పట్టికల్లో ఉంది. రోజర్ బిల్హామ్ 1994లో అసలు కాగితాలు తిరగేసి, ఆ నాశనం తుపానుదని తేల్చాడు. మన తీరంలోనూ అక్టోబరు, నవంబరు వార్తల్లో ‘నేల కంపించింది’ అని కనిపిస్తే ముందు అదే తేదీకి మద్రాసు అబ్జర్వేటరీ వాతావరణ నమోదులు చూడండి. గాలి, వాన, బారోమీటరు పడిపోవడం ఉంటే ఆ వార్త పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. మందుగుండు కొట్టు పేలుళ్లకూ ఇదే జాగ్రత్త.

అంకెలు చేతికొచ్చాక మాగ్నిట్యూడ్‌కు బాకున్, వెంట్‌వర్త్ 1997లో ఇచ్చిన పద్ధతి వాడుకోవచ్చు. మ్యాపు మీద గళ్లు గీసి, ప్రతి గడినీ కేంద్రమనుకుని, ప్రతి ఊరి ఇంటెన్సిటీ, దూరం బట్టి మాగ్నిట్యూడ్ లెక్కించి, ఏ గడి దగ్గర తేడాలు అతి తక్కువో చూడటం. సమీకరణం ఎంపికలో తప్పు చేయవద్దు. హిమాలయాలకు, మన గట్టి రాతి పీఠభూమికి సెలిగా, హఫ్, మార్టిన్, బిల్హామ్ 2010లో వేర్వేరు సమీకరణాలు ఇచ్చారు. మన వైపు దూరంతో కంపనం నెమ్మదిగా తగ్గుతుంది. హిమాలయాలది వాడితే మన భూకంపం ఉన్నదానికంటే పెద్దదైపోతుంది. సమీకరణం సరిగా నప్పిందా అన్నది 2001 సెప్టెంబరు 25 నాటి పుదుచ్చేరి భూకంపంతో పరీక్షించుకోండి. మాగ్నిట్యూడ్ 5.5 అని పరికరాలు చెప్పాయి, పత్రికల వార్తలు బోలెడు ఉన్నాయి. ఆ వార్తలకు మీరు వేసిన ఇంటెన్సిటీల నుంచి 5.5 దగ్గర్లో అంకె రాకపోతే, 1867 జోలికి వెళ్లే ముందు మీ అంకెలు మళ్లీ చూసుకోవాలి. అయిదారు ఊళ్ల వార్తలే దొరికితే ఈ లెక్క చేయకండి, ఇంటెన్సిటీ మ్యాపుతో ఆపండి.

పాత నివేదికల్లో రోసీ-ఫోరెల్ అనే పాతకాలపు ఇంటెన్సిటీ స్కేలు అంకెలు కనిపిస్తే వాటిని పట్టిక పెట్టి మార్చేయవద్దు, అసలు వాక్యాల దగ్గరికి వెళ్లి మళ్లీ వేయండి. ఒకప్పుడు మాగ్నిట్యూడ్ 8.7 అన్న 1897 అస్సాం భూకంపాన్ని ఇప్పుడు 8.1 దగ్గర పెడుతున్నారు. దాని ఇంటెన్సిటీలు కూడా అసలు వర్ణనల నుంచి మళ్లీ వేసినప్పుడు తగ్గాయి.

చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోని కైఫీయతుల (పాత గ్రామ వృత్తాంతాల) గురించి చాలామంది అడుగుతారు. గ్రామ చరిత్రకు అవి బంగారం. కంపన లెక్కకు మాత్రం రోజు, ఊరు, ఏమైంది అన్న మూడూ ఒకచోట దొరకడం అరుదు, అందుకని చివరికి పెట్టుకోండి.

రాసుకునే పట్టికలో ఒక్కో వార్తకు ఒక్కో వరుస ఉండాలి: నేటి ఊరి పేరు, కాగితంలో ఉన్న పేరు, తేదీ ఏ కేలండరుది, గంట ఏ సమయానిది, అసలు వాక్యం ఉన్నది ఉన్నట్టు, ఇంటెన్సిటీ, ఎంత నమ్మకం, శాఖ, జీవో నంబరు లేదా పత్రిక సంచిక. అసలు వాక్యం లేని అంకె ఎవరికీ పనికిరాదు, మళ్లీ తూచి చూడటానికి వీలుండదు. ‘మా ఊళ్లో ఏమీ తెలియలేదు’ అని ఎవరైనా రాస్తే అదీ ఒక వరుసే. కదలిక ఎక్కడిదాకా పోయి ఆగిందో దానితోనే తెలుస్తుంది. ఊరి ప్రస్తావనే లేకపోతే మాత్రం ఆ గడి ఖాళీగా వదలండి, సున్నా వేయకండి.